రోజూ నడిపే కారు డ్రాగ్ పందెంలో ఏ క్లాస్‌కి వస్తుంది?

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట పేరు దేశమంతా వినిపించింది. ఆ 240 కిలోల సంగతి చాలామందికి గుర్తే. అది 69 కిలోల విభాగంలో ఎత్తిన బరువన్నది మాత్రం వెయిట్‌లిఫ్టింగ్ తెలిసినవాళ్లకే గుర్తుంటుంది. అంతకుముందు 1994, 1995లలో ఆమె ప్రపంచ చాంపియన్ అయింది 54 కిలోల విభాగంలో. మనిషి ఒకరే. విభాగం మారితే ఎదురు నిలిచేవాళ్లు మారతారు, గెలవడానికి ఎత్తాల్సిన బరువూ మారుతుంది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ లిఫ్టర్ల ఊరు. అక్కడ చిన్నపిల్లలకి కూడా ఇది కొత్త సంగతి కాదు: ముందు కాటా ఎక్కాలి, తర్వాతే బార్ పట్టుకోవాలి.

డ్రాగ్ పందెంలో కారు సంగతీ అంతే. అక్కడ విభాగాన్ని క్లాస్ అంటారు. ఆగి ఉన్న చోటి నుంచి బయల్దేరి తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వాళ్లది గెలుపు. మలుపులు లేవు, ల్యాప్‌లు లేవు. చూడ్డానికి ఇంతకంటే తేలికైన పందెం ఉండదు. కానీ గీత దగ్గర పక్కన నిలబడే కారు ఏదో తేల్చే లెక్క అంత తేలిక కాదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం కోట జంక్షన్‌లోనో నలుగురు కుర్రాళ్లు కార్ల గురించి మాట్లాడుకుంటే మొదట వచ్చే ప్రశ్న ‘బండి ఎంత పోతుంది?’ అన్నదే. పందెం నిర్వాహకులు ఆ ప్రశ్న చివర్లో అడుగుతారు, చాలాచోట్ల అసలు అడగరు. వాళ్లు అడిగేవి వేరు. ఏ ఇంధనం? ఎన్ని సీసీలు? టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం, ఉందా? కంపెనీ ఇచ్చిందేది, మీరు మార్చిందేది?

ఈ ప్రశ్నలకి జవాబు తెలియకుండానే చాలామంది మెకానిక్ షెడ్డుకి వెళ్లి డబ్బు పెడతారు. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే. క్లాస్ తెలుసుకోకముందు పెట్టిన మొదటి పదివేలు చాలాసార్లు కారుని ముందుకి నెట్టవు, పై క్లాస్‌లోకి నెడతాయి. అక్కడ ఎదురుగా ఉండేది లక్షలు పోసి తయారుచేసిన బండి.

అన్ని పందేలకీ చెల్లే ఒకే క్లాస్ పట్టిక ఎక్కడా లేదన్నది ముందే గ్రహించాలి. మన దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ని నడిపించే జాతీయ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ. దాని అనుమతితో జరిగే ప్రతి పోటీకీ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అని ఒక పత్రం విడుదల చేస్తారు. ఏ క్లాసులున్నాయో, ఏ క్లాస్‌లో ఏం మార్చవచ్చో ఆ పత్రంలోనే ఉంటుంది. పోయినేడాది స్నేహితుడు ఏ క్లాస్‌లో పరిగెత్తాడన్నది ఈ ఏడాదికి ఆధారం కాదు. అమెరికాలో 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన డ్రాగ్ పందేల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ, స్టాక్ విభాగంలో (దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉండే బండ్లు) కార్లని బరువుకీ హార్స్‌పవర్‌కీ ఉన్న నిష్పత్తితో విడదీస్తుంది. కంపెనీ చెప్పిన హార్స్‌పవర్‌ని కూడా ఉన్నదున్నట్టు నమ్మదు, ఫలితాలు చూసి తనే సవరిస్తుంది. మన దగ్గర ప్రధానంగా ఇంధనం, ఇంజిన్ సీసీ, మార్పుల స్థాయి చూస్తారు. సీసీ పద్ధతి మొరటుదే. ఒకే సీసీ ఉన్న రెండు ఇంజిన్ల మధ్య చాలా తేడా ఉండొచ్చు. అయినా దాన్ని కొలబద్ద పెట్టి రుజువు చేయవచ్చు. గొడవ వచ్చిన రోజున రుజువయ్యే అంకె ఉండటం పెద్ద బలం.

ఆర్‌సీ మీద ఉన్నది, లేనిది

మొదట చూడాల్సింది ఇంట్లో ఉన్న ఆర్‌సీ కార్డే. ఇంధనం, క్యూబిక్ కెపాసిటీ, ఖాళీ బండి బరువు, తయారైన నెల, సంవత్సరం అన్నీ అందులో ఉంటాయి. పెట్రోల్ కార్లని డీజిల్ కార్లతో ఒకే క్లాస్‌లో కలపరు కాబట్టి మొదటి విభజన అక్కడే తేలిపోతుంది. తర్వాత సీసీ.

మన రోడ్ల మీద 1197, 1199 అనే అంకెలు ఎందుకంత ఎక్కువో గమనించారా? 2006లో కేంద్రం చిన్న కార్లకి ఎక్సైజ్ తగ్గించింది. పొడవు 4 మీటర్ల లోపు ఉండాలి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. జీఎస్టీ వచ్చాకా ఆ గీతలు చెరగలేదు. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల పన్ను 18 శాతానికి తగ్గించినప్పుడూ అవే కొలతలు. దాంతో చాలా కంపెనీలు ఆ గీతకి ఆనుకునేలా ఇంజిన్లు చేశాయి. పన్ను కోసం గీసిన గీత పందెం మీద కూడా పడింది. 1200 సీసీ లోపు గానీ 1400 లోపు గానీ పెట్రోల్ క్లాస్ ఉందంటే స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటి కార్లన్నీ అందులోనే దిగుతాయి. జనం ఎక్కువున్న క్లాస్ అంటే గెలవడం కష్టమే. కానీ నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే పక్కనున్న కారు దాదాపు మన కారే. తేడా వచ్చిందంటే అది డ్రైవర్ దగ్గరే వచ్చినట్టు.

టర్బో దగ్గర అసలు చిక్కు. ఐ20 ఎన్ లైన్‌లో ఉన్నది 998 సీసీ మూడు సిలిండర్ల ఇంజినే, కానీ టర్బో ఉండటంతో 120 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్‌తో సమానమైన కొలత) ఇస్తుంది. నాలుగు సిలిండర్ల స్విఫ్ట్ 1197 సీసీతో 90కి అటూ ఇటూ ఇస్తుంది. సీసీ ఒక్కటే చూస్తే ఆ ఐ20ని ఆల్టో కే10 పక్కన నిలబెట్టాలి. అలా చేస్తే పందెమే ఉండదు. అందుకే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధనల్లో టర్బో పెట్రోల్ ఇంజిన్ సీసీని 1.7తోనూ, టర్బో డీజిల్ సీసీని 1.5తోనూ హెచ్చిస్తారు. 998ని 1.7తో హెచ్చిస్తే 1697 అవుతుంది. ఆర్‌సీలో వెయ్యి కూడా లేని కారు పందెంలో 1600 దాటిన కార్ల సరసన నిలబడుతుంది. పాత స్విఫ్ట్ డీజిల్ 1248 సీసీ కాస్తా 1872 అవుతుంది. ఈ గుణకాన్ని అన్ని పోటీలూ వాడవు. కొన్నిచోట్ల టర్బోకి విడిగా క్లాస్ పెడతారు, డీజిల్‌లో దాదాపు అన్నీ టర్బోలే కాబట్టి గుణకం జోలికి పోకుండా సీసీతోనే సరిపెడతారు. టర్బో కారున్నవాళ్లు పత్రంలో మొదట వెతకాల్సిన వాక్యం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

బోరింగ్ చేయించిన ఇంజిన్

ఆర్‌సీలో రాసిన సీసీ కంపెనీ నుంచి వచ్చిన రోజుది. ఇప్పుడు ఇంజిన్‌లో ఉన్నది అదేనా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడాలి, ఎందుకంటే మోసం చేసే ఉద్దేశం ఏమాత్రం లేనివాళ్లు కూడా దొరికిపోయేది ఈ చోటే.

మారుతి ఎస్టీమ్‌ని తీసుకుందాం. తేలికైన బండి, 85 హార్స్‌పవర్. మన దేశంలో ర్యాలీలూ పందేలూ నేర్చుకున్న ఒక తరానికి అది బడి. దాని సిలిండర్ బోర్, అంటే లోపలి వ్యాసం, 74 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 75.5 మిల్లీమీటర్లు. 74ని 74తో హెచ్చించి, 0.7854తో హెచ్చిస్తే సిలిండర్ గుండ్రం వైశాల్యం వస్తుంది. దాన్ని స్ట్రోక్‌తో, ఆ వచ్చినదాన్ని నాలుగు సిలిండర్లతో హెచ్చిస్తే 1298 సీసీ పైచిలుకు తేలుతుంది. 1300 గీతకి వెంట్రుకవాసి లోపల. ఇప్పుడు ఆ ఇంజిన్‌కి వయసైంది, ఆయిల్ తాగుతోంది, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తోంది. షెడ్డులో హెడ్డు విప్పి, బ్లాక్‌ని లేత్‌కి పంపి బోరింగ్ చేయించి (అరిగిన సిలిండర్లని కాస్త వెడల్పు చేయించి), అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. ఇది మామూలు రిపేరే, ఇందులో తప్పేమీ లేదు. కానీ బోర్ 74.5 అయింది. అదే లెక్క మళ్లీ వేస్తే 1316 సీసీ. ఆర్‌సీ 1298 అంటుంది, ఇంజిన్ 1316 అంటుంది. 1300 లోపు క్లాస్‌లో ఈ కారు గెలిస్తే ఆ గెలుపు నిలవదు.

పాత జెన్‌కీ ఇదే గండం. 72 మిల్లీమీటర్ల బోర్, 61 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో 993 సీసీ. అర మిల్లీమీటరు పెరిగితే 1007. క్లాస్ వెయ్యి దగ్గర ఆగితే ఏడు సీసీలతో బయటికి పోయినట్టే.

గెలిచిన కార్లని పందెం అయ్యాక పక్కకి పెట్టించి, అవసరమైతే ఇంజిన్ విప్పి చూసే అధికారం స్క్రూటినీ చేసేవాళ్లకి ఉంటుంది. గుంటూరు, పల్నాడు వైపు బండలాగుడు పోటీల్లో ఎడ్లని రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేస్తారు. యజమాని చెప్పిన వయసు ఎవరూ రాసుకోరు, నోరు తెరిచి పళ్లు చూస్తారు. ఇక్కడా అంతే. హెడ్డు తీసి బోర్ గేజ్ పెడితే యజమాని మాటతో పని లేదు. ఓవర్‌సైజ్‌కి కొంత వెసులుబాటు ఇచ్చే నిబంధనలూ ఉంటాయి. క్లాస్ గీత 1400 దగ్గర ఉంటే ఎస్టీమ్‌కి అసలు బెంగే లేదు. ఏదైనా బోరింగ్ చేసిన మెకానిక్ దగ్గర పిస్టన్ సైజు ఎంతో ఒక కాగితం మీద రాయించుకుని దాచుకోవడం మంచిది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లయితే ఈ సంగతి పాత యజమానిని తప్పక అడగాలి.

‘నాది స్టాక్ బండే’

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగేది ఈ ఒక్క మాట మీదే. ఇంజిన్ విప్పలేదు కాబట్టి బండి స్టాక్ అని చాలామంది మనస్ఫూర్తిగా నమ్ముతారు. నిబంధనల భాషలో స్టాక్ అంటే కంపెనీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా. ఎయిర్ ఫిల్టర్ మార్చినా, సైలెన్సర్ మార్చినా, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ మార్పించి రీమ్యాప్ చేయించినా, పెద్ద చక్రాలు వేయించినా ఏది చెల్లుతుందో ఏది చెల్లదో పత్రం విడివిడిగా చెబుతుంది. కంపెనీ పెట్టె సైజులోనే పట్టే వేరే ఫిల్టర్‌ని కొన్ని స్టాక్ క్లాసులు ఒప్పుకుంటాయి. పైపు మొత్తం మార్చి బయట ఓపెన్ ఫిల్టర్ పెడితే ఒప్పుకోవు. టైర్లలో రోడ్డు టైరు, సెమీ స్లిక్, గాడులే లేని పూర్తి స్లిక్ ఒకటి కావు. పత్రంలో రాయనిదానికి అనుమతి ఉన్నట్టు అనుకోకూడదు. మోటార్ స్పోర్ట్స్‌లో పాటించే సూత్రం దానికి తలకిందులు: ఒప్పుకుంటామని రాస్తేనే ఒప్పుకున్నట్టు.

రీమ్యాప్ సంగతి కాస్త వివరంగా చూడాలి, మన జిల్లాల్లో డీజిల్ కార్లు చాలా ఉన్నాయి కాబట్టి. 75 పీఎస్ స్విఫ్ట్ డీజిల్ ఉందనుకుందాం. డ్రైవర్‌తో కలిపి 1120 కిలోలు. కింద చెప్పబోయే లెక్క ప్రకారం మంచి పట్టు దొరికితే పావు మైలు 18.7 సెకన్లలో దాటగలదు. రీమ్యాప్‌తో పవర్ 30 శాతం పెరిగి 97 దాకా వచ్చిందనుకుంటే 17.1 సెకన్లు. ఒకటిన్నర సెకన్లు తగ్గింది, అంటే గీత దగ్గర చాలా కారు పొడవుల తేడా. సంతోషమే. కానీ ఆ కారు ఇప్పుడు స్టాక్ డీజిల్‌లో లేదు, మాడిఫైడ్ డీజిల్‌లో ఉంది. అక్కడ పెద్ద టర్బో వేసి, వెనక సీట్లు పీకేసి, ఇంజెక్టర్లు మార్చిన బండ్లుంటాయి. ముందుకంటే వేగంగా పరిగెత్తి ముందుకంటే వెనకబడటం అంటే ఇదే.

రీమ్యాప్ కంటికి కనబడదు కదా, స్టాక్‌లోనే రాయిస్తే ఎవరికి తెలుస్తుంది అనే ఆలోచన కొందరికి వస్తుంది. ఈసీయూని చదివే పరికరాలున్నాయి, తోటి పోటీదారు ఫీజు కట్టి ప్రొటెస్ట్ (ఫిర్యాదు) వేసే పద్ధతీ ఉంది. అవేవీ లేకపోయినా, జీతంలో దాచుకుని, కారుని కంపెనీ ఇచ్చినట్టే ఉంచుకుని వచ్చిన కుర్రాడి చోటుని లాక్కోవడం అది. దాన్ని తెలివి అనకూడదు, దొంగతనం అనాలి. ఇక విశాఖలోనో హైదరాబాద్‌లోనో కొన్న సెకండ్ హ్యాండ్ డీజిల్‌కి పాత యజమాని రీమ్యాప్ చేయించి ఉండొచ్చు. కొత్త యజమానికి ‘బండి బాగా లాగుతోంది’ అన్నంతవరకే తెలుస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఈసీయూ సాఫ్ట్‌వేర్ ఒకసారి సరిచూపించుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

బరువు కూడా స్టాక్‌లో భాగమే. స్టెప్నీ, జాకీ, వెనక సీటు తీసేసి బండిని తేలిక చేయడం మాడిఫైడ్ పని. కనీస బరువు రాసి ఉంటే డ్రైవర్‌తోనా, లేకుండానా అన్నది చూడాలి. నిజం బరువు తెలుసుకోవడానికి మన దగ్గర దారి సులువే. రైస్ మిల్లుల పక్కన ధాన్యం లారీలు తూచే కాటా మీదికి కారు ఎక్కిస్తే చాలు. ఒకటే జాగ్రత్త. లారీల కాటా కిలో కిలో చూపించదు, పది కిలోల మెట్లలో చూపిస్తుంది. 940 అని స్లిప్ వచ్చిందంటే అసలు బరువు ఐదు కిలోలు అటూ ఇటూ ఉండొచ్చు. కనీస బరువు 940 అయితే ఆ స్లిప్ జేబులో పెట్టుకుని ధైర్యంగా వెళ్లకూడదు, ఓ పదిహేను కిలోలు మిగులు ఉంచుకోవాలి. పెట్రోల్ లీటరు సుమారు ముప్పావు కిలో ఉంటుంది కాబట్టి ట్యాంకు సగం నింపి తూచిన బరువుకీ, రిజర్వ్‌లో తూచిన బరువుకీ పొంతన ఉండదు.

కాలం లెక్క

కారు 402 మీటర్లు ఎంతలో దాటగలదో డ్రాగ్ స్ట్రిప్ (పందెం దారి) దాకా వెళ్లకుండానే అంచనా వేయవచ్చు. డ్రైవర్‌తో కలిపి బరువుని కిలోల్లో తీసుకుని హార్స్‌పవర్‌తో భాగించాలి. వచ్చినదానికి ఘనమూలం కట్టి 7.58తో హెచ్చించాలి. అమెరికాలో పౌండ్లతో చాలాకాలంగా వాడుతున్న సూత్రమే ఇది, కిలోలకి మార్చినది. ఎస్టీమ్ 875 కిలోలు, మనిషి 70. 945ని 85తో భాగిస్తే 11.1. ఘనమూలం 2.23. కాలం 16.9 సెకన్లు. ఇది ఇంజిన్ కొత్తగా ఉండి, టైర్లు జారకుండా, గేర్లు చకచకా పడితే వచ్చే కాలం. రోజూ తిరిగే బండి, రోడ్డు టైర్లు, కొత్త డ్రైవర్ అయితే దీని మీద ఒక సెకను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వేసుకోవాలి.

ఘనమూలం ఎందుకన్నది తెలిస్తే ఖర్చు మీద కళ్లు తెరుచుకుంటాయి. వేగం పెరిగేకొద్దీ అదే పవర్ ఇచ్చే తోపు, అంటే ముందుకి నెట్టే బలం, తగ్గిపోతుంది. గీత దాటేటప్పుడు ఉన్న తోపు మొదట్లో ఉన్నదానిలో చిన్న ముక్క మాత్రమే. అందుకే పవర్ పది శాతం పెరిగితే కాలం పది శాతం తగ్గదు, మూడు శాతమే తగ్గుతుంది. 17 సెకన్ల కారుకి అర సెకను. మొదటి 60 అడుగుల్లో క్లచ్ సరిగ్గా వదలడం, టైరు గాలి సరిచూసుకోవడం సాధన చేసినా అంత తగ్గించవచ్చు. ఆ సాధన కారుని ఏ పై క్లాస్‌లోకీ నెట్టదు.

వాతావరణం పాత్ర కూడా తక్కువేమీ కాదు. డిసెంబరు ఉదయం 18 డిగ్రీల గాలితో పోలిస్తే మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి ఏడు శాతం పల్చన. టర్బో లేని ఇంజిన్ పీల్చేది ఆ మేరకు తగ్గుతుంది. 17 సెకన్ల కారుకి నాలుగు పదోవంతుల సెకను తేడా వస్తుంది. ఎండాకాలంలో తీసిన కాలాన్ని చలికాలం పోటీకి నమ్ముకోవద్దనేది అందుకే. జీపీఎస్ పరికరం అంకెనీ స్ట్రిప్ గడియారాన్నీ ఒకటిగా చూడకూడదు. స్ట్రిప్ మీద ముందు టైరు కాంతి కిరణాన్ని వదిలాకే గడియారం మొదలవుతుంది కాబట్టి మొదటి కొన్ని అంగుళాలు లెక్కలోకి రావు.

అందరికీ చోటున్న క్లాస్

సీసీ, టర్బో, స్టాక్ గొడవలన్నీ పక్కన పెట్టి కాలం మీదే నడిచే పద్ధతి ఒకటుంది. అమెరికాలో దాన్ని బ్రాకెట్ రేసింగ్ అంటారు. ప్రతి డ్రైవరూ తన కారు ఎన్ని సెకన్లలో దాటుతుందో ముందే చెప్పి, అద్దం మీద రాయిస్తాడు. ఆల్టో 19.20 అని, టర్బో వెర్నా 16.20 అని రాశారనుకుందాం. ఆల్టోకి పచ్చలైటు మూడు సెకన్లు ముందు పడుతుంది. ఇద్దరూ చెప్పిన మాట నిలబెట్టుకుంటే గీత దగ్గర సమానంగా వస్తారు. గెలుపు లైటుకి ఎవరు వెంటనే స్పందించారన్న దానిమీద తేలుతుంది. చెప్పినదానికంటే వేగంగా దాటితే ఓడిపోయినట్టు, దాన్ని బ్రేక్ అవుట్ అంటారు. అందుకని ఎక్కువ కాలం చెప్పి మోసం చేయడానికి వీల్లేదు.

రోజూ నడిపే కారుకి ఇంతకంటే న్యాయమైన క్లాస్ లేదు. ఇక్కడ డబ్బుకి విలువ తగ్గి నిలకడకి విలువ పెరుగుతుంది. అదే కారు, అదే గాలి, అదే క్లచ్ ఊపు, పది పరుగుల్లో పదీ ఒకేలా తీయగలవాడు గెలుస్తాడు. మన దేశంలో జరిగే మీట్‌లు ఎక్కువగా సీసీ క్లాసుల మీదే ఆధారపడటం లోటే. పల్లెల నుంచి పాత ఆల్టోలతో వచ్చే కుర్రాళ్లని చేర్చుకోవాలంటే నిర్వాహకులు ఈ పద్ధతికి చోటివ్వాలి.

కాలానికి భద్రతతోనూ లంకె ఉంది. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో పావు మైలు 13.99 సెకన్లు, అంతకంటే వేగం అయితే హెల్మెట్ కావాలి. పాత మోడల్ కార్లయితే 11.49 దగ్గర రోల్ బార్ (కారు బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే లోహపు కమ్మీ) కూడా తప్పదు. మన మీట్‌లలో కారు ఎంత నెమ్మదిదైనా హెల్మెట్ లేకుండా గీత దగ్గరికి వెళ్లకూడదు. పెద్ద టర్బో వేసి 11 సెకన్ల దగ్గరికి తెచ్చిన బండికి పవర్‌తో పాటు డ్రైవర్ చుట్టూ వేసే రక్షణ పంజరానికీ డబ్బు లెక్కేసుకోవాలి. ఆ ఖర్చు మెకానిక్ ఇచ్చే కొటేషన్‌లో ఉండదు.

ఎక్కడ, ఏ కాగితాలతో

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డ్రాగ్ స్ట్రిప్ లేదు. ఉన్నది 16వ నంబరు జాతీయ రహదారి. రాత్రిపూట అది ఖాళీగా కనిపిస్తుంది, మోసం అక్కడే ఉంది. 17 సెకన్ల మామూలు కారు కూడా పావు మైలు చివర గంటకి 130 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కినా ఆగడానికి 80 మీటర్లు, కాలు బ్రేకు మీదికి వచ్చేలోపు మరో 36 మీటర్లు పోతాయి. మన దగ్గర రోడ్డు వారన ధాన్యం ఆరబోస్తారు, లైటు లేని సైకిళ్లొస్తాయి, పశువులు అడ్డం పడతాయి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించకుండా పందెం పెడితే మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి ఏడాది, 10,000. చట్టం సంగతి అటుంచితే, హైవే మీద క్లాస్ అనేదే లేదు. పక్కన వచ్చిన బండిలో ఏముందో ఎవరికీ తెలియదు. అక్కడి గెలుపు దేనికీ రుజువు కాదు.

అనుమతి ఉన్న పోటీలు దూరంగానే జరుగుతాయి. మహారాష్ట్రలో లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్‌పై వ్యాలీ రన్ అనే డ్రాగ్ పోటీలు జరుగుతూ వచ్చాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ శ్రీకాకుళం నుంచి సుమారు 900 కిలోమీటర్లు. అక్కడికి వెళ్లాలంటే పోటీ లైసెన్స్ కావాలి, దాన్ని ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇస్తుంది. డ్రైవింగ్ లైసెన్స్ ఒక్కటే సరిపోదు. మామూలు మోటారు ఇన్సూరెన్స్ పాలసీ కాగితాల్లో వాడకానికి పెట్టిన పరిమితులు చదివితే అందులో పందేలు, స్పీడ్ టెస్టింగ్ మినహాయింపుల్లో ఉంటాయి. స్ట్రిప్ మీద కారుకి ఏమైనా జరిగితే క్లెయిమ్ రాదు. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

ఆ 900 కిలోమీటర్లు క్లాస్ ఎంపికని కూడా తేల్చేస్తాయి. ట్రాలీ మీద కారు తీసుకెళ్లగలవాళ్లు ఏ క్లాస్ అయినా ఎంచుకోవచ్చు. అదే కారు నడుపుకుంటూ వెళ్లి, పందెం ఆడి, అదే కారులో ఒంగోలు, విజయవాడ, రాజమండ్రి, అనకాపల్లి మీదుగా తిరిగొచ్చి సోమవారం పొద్దున్న డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లకి రోడ్డు టైర్లు, సైలెన్సర్, వెనక సీటు, స్టెప్నీ అన్నీ కావాలి. చట్టం కూడా అదే అంటుంది. 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చిన బండి రోడ్డు మీద తిరగకూడదు, 2019లో సుప్రీంకోర్టు ఆ సంగతి మళ్లీ స్పష్టం చేసింది. కాబట్టి అలాంటి కారు ఉండాల్సిన చోటు ఇంధనం, సీసీ గీతలకి లోపలున్న స్టాక్ క్లాసే. ఎంట్రీ ఫారంలో సీసీ దగ్గర ఆర్‌సీ అంకె, బోరింగ్ చేయించి ఉంటే దాని పక్కనే పిస్టన్ సైజు రాసి ఇస్తే, స్క్రూటినీ టేబుల్ దగ్గర ఏ క్లాస్ స్టిక్కర్ అంటించాలో వాళ్లే చెబుతారు.